పద్నాలుగు పాయింట్ల లెక్క

ఆటలో దెబ్బ తగిలి మగపిల్లవాడు మంచం పడితే, చూడడానికి వచ్చిన చుట్టాలు "మళ్ళీ ఎప్పుడు ఆడతావురా?" అని అడుగుతారు. అదే ఆడపిల్లకు తగిలితే తల్లిని పక్కకు పిలిచి "రేపు దీని పెళ్ళి ఎట్లా చేస్తావే?" అంటారు. కబడ్డీలో మోకాలు తిరిగిపోయినా, ఖోఖోలో మడమ విరిగినా, వాలీబాల్ ఆడుతూ నడుము పట్టేసినా మన పల్లెల్లో, మన హాస్టళ్ళలో ఆడపిల్ల ఆట చాలాసార్లు అక్కడితో సరి. ఆట మాన్పించడానికి ఇంట్లోవాళ్ళు ఎదురుచూస్తున్న కారణం దొరికినట్టవుతుంది. సంఘాల్లో తిరిగే మనకు ఇది కొత్త సంగతి కాదు. అయితే, దెబ్బ తగిలిన చోటే ఆట ఆగిపోనవసరం లేని దేశాలు కూడా ఉన్నాయి. అక్కడి ఆడపిల్లలకు మన ఆడపిల్లల కంటే ధైర్యం ఎక్కువా? కాదనే మా నమ్మకం. మరి తేడా ఎక్కడుంది?

జర్మనీకి చెందిన ఎడీనా మ్యులర్ సంగతి తీసుకుందాం. 1983లో పుట్టిన ఈమె స్కూలు రోజుల్లో వాలీబాల్ ఆడేది. 2000లో, పదహారేళ్ళ వయసులో, నడుము నొప్పి పట్టుకుంటే వైద్యానికి వెళ్ళింది. వెన్ను సరిచేయడానికని చేసిన ఆ వైద్యం తర్వాత నడుము కింది భాగం చచ్చుబడిపోయింది. ఎనిమిదేళ్ళు తిరిగేసరికి 2008 బీజింగ్ పారాలింపిక్స్‌లో వీల్‌చెయిర్ బాస్కెట్‌బాల్ ఫైనల్ దాకా వెళ్ళిన జట్టులో ఉంది. అక్కడ రజతం వచ్చింది. 2012లో లండన్‌లో ఆస్ట్రేలియాను 58–44 తేడాతో ఓడించి జర్మనీ మహిళలు స్వర్ణం గెలిచారు. ఆ జట్టులోనూ ఆమె ఉంది. ఈ ఆటలో జర్మనీ మహిళలకు అంతకు ముందు స్వర్ణం వచ్చింది 1984లో. ఆ తర్వాత ఆమె బంతి వదిలి తెడ్డు పట్టింది. పడవ పందేల్లో 2016 రియోలో రజతం, టోక్యోలో స్వర్ణం, 2024 పారిస్‌లో రజతం తెచ్చుకుంది. పారిస్ ప్రారంభోత్సవంలో జర్మనీ జెండా మోసిన ఇద్దరిలో ఆమె ఒకరు.

ఇలాంటి జీవితం మన దినపత్రికల చేతిలో పడితే ఏమవుతుందో ఊహించడం కష్టం కాదు. "విధిని ఓడించిన వీరవనిత" అని శీర్షిక పెడతారు. పతకంతో నవ్వుతున్న ఫోటో వేస్తారు. ఎనిమిదేళ్ళ కాలాన్ని "మొక్కవోని మనోబలంతో" అన్న ఒక్క మాటలో దాటేస్తారు. ఆమెకు మనోబలం లేదని మేము అనడం లేదు. కానీ మనోబలానికి బడ్జెట్ కేటాయించనక్కరలేదు. అందుకే ఆ మాటంటే ప్రభుత్వాలకు అంత ఇష్టం. పేరు మార్చడం కూడా అలాంటిదే. వికలాంగులను 'దివ్యాంగులు' అనమన్నారు. అన్నాం. జిల్లా స్టేడియం ముందు మెట్లు మెట్లుగానే ఉన్నాయి.

ఆ ఎనిమిదేళ్ళలో ఏమేం ఉన్నాయో చూద్దాం. వెన్నుపాము దెబ్బతిన్నవాళ్ళను ఇంటికి పంపే ముందు మళ్ళీ బతకడం నేర్పే పునరావాస కేంద్రాలు ఉన్నాయి. అక్కడ ఆట అనేది కాలక్షేపం కాదు, వైద్యంలో భాగం. కుర్చీ నడపడం, కింద పడితే లేవడం, భుజాలకు బలం తెచ్చుకోవడం ఆట ద్వారా నేర్పుతారు. బయటికొచ్చాక చేరడానికి క్లబ్బు ఉంది. ఆడడానికి లీగు ఉంది. ఆ తర్వాత ఆమె చదువుకోవడానికి అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయానికి వెళ్ళింది. టిమ్ న్యూజెంట్ అనే అధ్యాపకుడు 1948లో అక్కడ వికలాంగ విద్యార్థుల కోసం కార్యక్రమం మొదలుపెట్టి, వీల్‌చెయిర్ బాస్కెట్‌బాల్ జట్టు తయారుచేశాడు. తర్వాత మహిళల జట్టు కూడా వచ్చింది. చదువూ, సాధనా ఒకే ఆవరణలో దొరికాయి. ఇప్పుడామె హాంబర్గ్‌లో, పని ప్రమాదాల్లో గాయపడినవారి కోసం ప్రమాద బీమా సంస్థలు నడిపే ఆస్పత్రిలో, క్రీడా చికిత్సకురాలు. కొత్తగా వెన్ను విరిగి వచ్చిన మనిషికి మొదట ఎదురయ్యే వ్యక్తి ఆ దారిన నడిచి వచ్చిన స్త్రీ అన్నమాట. ఇవన్నీ కలిస్తేనే మనోబలం పతకమయింది.

ఈ ఏర్పాట్లు కూడా మొదట స్త్రీల కోసం వచ్చినవి కావన్న సంగతి మరచిపోకూడదు. వీల్‌చెయిర్ బాస్కెట్‌బాల్ పుట్టింది రెండవ ప్రపంచ యుద్ధం ముగిసిన రోజుల్లో, గాయపడిన సైనికుల ఆస్పత్రుల్లో. 1960లో రోమ్‌లో జరిగిన మొదటి పారాలింపిక్స్‌లో పురుషులు ఆడారు. స్త్రీలకు అవకాశం వచ్చింది 1968లో, టెల్ అవీవ్‌లో. దేశం కోసం కాళ్ళు పోగొట్టుకున్న మగవాడి పట్ల రాజ్యానికి ఒక బాధ్యత ఉందని అందరూ ఒప్పుకున్నారు. వంటింట్లోనో, రోడ్డు మీదో, ఆటస్థలంలోనో కాళ్ళు పోగొట్టుకున్న ఆడదాని పట్ల ఎవరికి బాధ్యత?

మన దేశంలోనూ ఇదే వరుస. మురళీకాంత్ పేట్కర్ సైన్యంలో బాక్సర్. 1965 యుద్ధంలో తూటాలు తగిలాయి. సైనిక ఆస్పత్రిలో కోలుకుంటూ ఈతకు మళ్ళి, 1972లో హైడల్‌బర్గ్‌లో 50 మీటర్ల ఈతలో స్వర్ణం గెలిచాడు. పారాలింపిక్స్‌లో మన దేశానికి అది మొదటి స్వర్ణం. మన దేశపు స్త్రీకి పారాలింపిక్స్‌లో మొదటి పతకం ఎప్పుడొచ్చింది? 2016 రియోలో, షాట్‌పుట్‌లో దీపా మలిక్‌కు. నడుమ నలభై నాలుగేళ్ళు. ఈ నలభై నాలుగేళ్ళూ మన ఆడవాళ్ళలో పట్టుదల కరువైందని ఎవరైనా అంటే ఒప్పుకుందామా?

లండన్‌లో గెలిచిన ఆ జర్మన్ జట్టులోనే మరీకే ఆడర్మన్ కూడా ఉంది. పెళ్ళయ్యాక మరీకే మిల్లర్. ఆమె దారి వేరు. నిలబడి ఆడే బాస్కెట్‌బాల్‌లోనే ఎదిగింది. మోకాలిలోని లిగమెంట్లు పదేపదే తెగిపోయి ఆ ఆట ఆడలేని స్థితి వచ్చింది. ఈ గాయం గురించి స్త్రీలుగా మనం తెలుసుకోవలసింది ఒకటుంది. గెంతుతూ, చటుక్కున దిశ మార్చుతూ ఆడే ఆటల్లో ఈ లిగమెంటు తెగే ప్రమాదం, అదే ఆట ఆడే మగవాళ్ళ కంటే ఆడవాళ్ళకు కనీసం రెండింతలు ఎక్కువని వైద్యులు చాలాకాలంగా చెబుతున్నారు. తగిన వ్యాయామాలు ముందునుంచే చేయిస్తే చాలావరకు తప్పించవచ్చునని కూడా చెబుతున్నారు. మన పాఠశాలల్లో, గురుకులాల్లో పీఈటీలకు ఈ శిక్షణ ఎంతమందికి ఇచ్చారు? కబడ్డీ ఆడే పిల్లలు మట్టి నేల మీద, కాళ్ళకు సరైన బూట్లు కూడా లేకుండా ఆడుతున్నారు.

మరీకే రోజూ నడవగలదు. అయినా ఆడేది చక్రాల కుర్చీలో. "నడిచే మనిషికి వీల్‌చెయిర్ ఆటలో ఏం పని?" అని మీకు అనిపించవచ్చు. మాకూ మొదట అనిపించింది. దీనికి జవాబు ఈ ఆట లెక్కలో ఉంది. మేము ఇంత దూరం రావడానికి అసలు కారణం కూడా ఆ లెక్కే.

కోర్టు మామూలు బాస్కెట్‌బాల్ కోర్టే. 28 మీటర్ల పొడవు, 15 మీటర్ల వెడల్పు. రింగు ఎత్తు అదే 3.05 మీటర్లు. కూర్చున్నారు కదా అని ఒక్క అంగుళం కూడా దించరు. బంతి ఒళ్ళో పెట్టుకుని చక్రాలను రెండుసార్లు తొయ్యవచ్చు. ఆపైన బంతిని నేలకు కొట్టాలి, లేదా ఎవరికైనా వెయ్యాలి. కుర్చీలు ఢీకొంటాయి, బోల్తా పడతాయి. పడ్డ మనిషి చేతుల మీద లేచి మళ్ళీ ఆటలోకి వస్తుంది. ఒద్దికగా కూర్చోవడానికి వేసిన కుర్చీ కాదది. ఇక ప్రతి క్రీడాకారిణికీ ఆమె శరీరం ఎంతవరకు సహకరిస్తుందో కోర్టులో ఆడుతుండగా చూసి 1 నుంచి 4.5 వరకు పాయింట్లు ఇస్తారు. నడుము నిలబెట్టుకోలేని మనిషికి 1. మరీకే లాంటివారికి 4.5. ఎడీనాకు 2.5. జర్మనీ అధ్యాపకుడు హోర్స్ట్ ష్ట్రోకెండల్ కృషితో 1980లలో స్థిరపడిన పద్ధతి ఇది. అంతర్జాతీయ పోటీల్లో ఏ క్షణంలోనైనా కోర్టులో ఉన్న అయిదుగురి పాయింట్లు కలిపితే 14 దాటకూడదు.

లెక్క వేసి చూడండి. 4.5 వాళ్ళను అయిదుగురిని దింపితే 22.5 అవుతుంది. కుదరదు. ఇద్దరు 4.5 వాళ్ళు ఆడాలంటే పక్కన 2.5, 1.5, 1 ఉండాలి. అంటే అందరికంటే తక్కువ కదలగలిగిన మనిషి లేకుండా అందరికంటే బలమైన మనిషి కోర్టులోకి రాలేదు. ఆ ఒక పాయింటు మనిషి జాలితో కూర్చోబెట్టిన మనిషి కాదు. ప్రత్యర్థి కుర్చీకి అడ్డం పడి దారి మూసేది, తమవాళ్ళకు దారి తీసేది చాలాసార్లు ఆమే. జర్మనీ దేశవాళీ లీగుల్లో స్త్రీలూ పురుషులూ ఒకే జట్టులో ఆడతారు. స్త్రీ కోర్టులో ఉంటే ఆమె పాయింట్లు కొంత తగ్గించి లెక్కవేస్తారు. దాంతో జట్టుకు స్త్రీని ఆడించడం లాభమవుతుంది. రిజర్వేషన్ అంటే ప్రతిభకు అన్యాయమని వాదించే మిత్రులకు ఈ లీగు ఒకటి రెండు ఆటలు చూపించాలని ఉంది.

అయితే లెక్క ఉన్నచోట లెక్కగట్టేవాళ్ళూ ఉంటారు. ఈ ఆటలో ఎవరు అర్హులన్న విషయం మీద 2020లో పెద్ద గొడవ అయింది. వీల్‌చెయిర్ బాస్కెట్‌బాల్ సమాఖ్య నిబంధనలు తమ నిబంధనలకు అనుగుణంగా లేవని అంతర్జాతీయ పారాలింపిక్ కమిటీ అభ్యంతరం చెప్పింది. 4, 4.5 పాయింట్ల వాళ్ళందరినీ మళ్ళీ పరీక్షించాలని పట్టుబట్టింది. ఏళ్ళ తరబడి దేశానికి ఆడినవాళ్ళు కొందరు, కాగితాలు చూసిన తర్వాత, అనర్హులని తేలారు. బ్రిటన్ ఆటగాడు జార్జ్ బేట్స్ అలాంటివాడు. చిన్నప్పుడు ఫుట్‌బాల్ ఆడుతూ కాలికి దెబ్బ తగిలి, తగ్గని నొప్పితో బతుకుతున్నాడు. ఆ నొప్పి పట్టికలోని జబ్బుల్లో లేదన్నారు. ఆడడానికి అర్హత రావాలంటే కాలు తీయించుకోవాలా అని తాను ఆలోచించవలసి వచ్చిందని అతను బహిరంగంగానే చెప్పాడు.

మన కార్యకర్తలకు ఈ ముక్క చదవగానే సదరం క్యాంపులు గుర్తుకొస్తాయి. నలభై శాతం ఉంటే మనిషి, ముప్పై తొమ్మిది అయితే కాదు. నొప్పికి శాతం లేదు. తెల్లవారుజామున బయలుదేరి, ఎవరో ఒకరి భుజం మీదో, ఆటోలోనో వచ్చి, సాయంత్రం దాకా వరుసలో ఉండి, మరుగుదొడ్డికి పోలేక నీళ్ళు కూడా తాగకుండా కూర్చునే ఆడవాళ్ళను మనం చూశాం. ఆ దేశంలో గానీ ఈ దేశంలో గానీ, తన శరీరం గురించి తాను చెప్పే మాటకు విలువ లేకపోవడం స్త్రీలకు కొత్త అనుభవం కాదు.

ఎడీనా విషయంలో మరో ముడి ఉంది. ఆమెకు 2019లో బిడ్డ పుట్టాడు. కోవిడ్ వల్ల టోక్యో పోటీలు 2021కి వాయిదాపడ్డాయి. బిడ్డను వెంట తీసుకుపోవడానికి అనుమతి కోసం ఆమె పోరాడవలసి వచ్చింది. ఒక చక్రాల కుర్చీకి దారి వేయడం నేర్చుకున్న వ్యవస్థకు కూడా పాలిచ్చే తల్లి సంగతి తోచలేదు. పారిస్‌లో 2024 ఒలింపిక్ క్రీడాగ్రామంలో మొట్టమొదటిసారిగా పిల్లల గది పెట్టారు. ఆధునిక ఒలింపిక్స్ మొదలై అప్పటికి నూట ఇరవై ఎనిమిదేళ్ళు.

ఇంక మన దగ్గరికి వద్దాం. ఎడీనా లాగే వాలీబాల్ ఆడిన అమ్మాయి ఉత్తరప్రదేశ్‌లో ఉంది. అరుణిమా సిన్హా. 2011లో, మెడలో గొలుసు లాక్కోబోయిన దొంగలు తనను రైల్లోంచి తోసేశారని చెప్పింది. ఎడమ కాలు మోకాలి కింద తీసేశారు. రెండేళ్ళు దాటిన కొద్ది రోజులకే, 2013 మే నెలలో, ఆమె ఎవరెస్టు ఎక్కింది. ఆమెకు మా చేతులెత్తి నమస్కారం. కానీ మా మనసులో ఒక ప్రశ్న మిగిలిపోయింది. కాలు పోయిన క్రీడాకారిణి మళ్ళీ లెక్కలోకి రావాలంటే మన దేశంలో ప్రపంచంలోకెల్లా ఎత్తైన కొండే ఎక్కాలా? ఇంటికి పది కిలోమీటర్ల దూరంలో వారానికి మూడు సాయంత్రాలు ఆడుకునే కోర్టు ఒకటి ఎందుకు లేకపోయింది? ఎవరెస్టు ఎక్కాలని లేని అమ్మాయిల గతి ఏమిటి?

ఆ ఏడు మన దేశంలో వీల్‌చెయిర్ బాస్కెట్‌బాల్‌కు జాతీయ సమాఖ్య కూడా లేదు. అది 2014లో ఏర్పడింది. దాని వెనుక ఉన్నది ఖమ్మం జిల్లా సత్తుపల్లి ఆడబిడ్డ అని మన పాఠకుల్లో చాలామందికి తెలియకపోవచ్చు. మాధవీలత ప్రత్తిపాటి. పసితనంలోనే పోలియో వచ్చింది. చదువుకుని, బ్యాంకు ఉద్యోగం సంపాదించి, చెన్నైలో స్థిరపడింది. వెన్నెముక వంగి ఆరోగ్యం దెబ్బతింటుంటే నీళ్ళలో వ్యాయామం మొదలుపెట్టి, దాన్నుంచి ఈతకు వెళ్ళి, 2011లో జాతీయ పోటీల్లో పతకాలు తెచ్చుకుంది. అంతటితో ఆగి ఉంటే ఆమెది కూడా ఒక స్ఫూర్తి కథ అయ్యేది. ఆమె అలా ఆగకుండా సంస్థలు కట్టడానికి పూనుకుంది. ఎవరికి వారే గెలవడం వేరు, వెనక వచ్చేవాళ్ళ కోసం తలుపు తెరవడం వేరు. సంఘాలు నడిపే మనకు ఆ కష్టం ఎంతో విడమరచి చెప్పనక్కరలేదు.

తలుపు తెరుచుకున్నా లోపలికి రావడం ఎంత అదృష్టం మీద ఆధారపడి ఉందో చూడండి. కాశ్మీర్‌లోని బారాముల్లాకు చెందిన ఇష్రత్ అఖ్తర్ 2016లో బాల్కనీలోంచి పడి వెన్ను విరగ్గొట్టుకుంది. ఆ తర్వాత ఈ ఆట నేర్చుకుంది. 2019 ఆగస్టులో చెన్నైలో శిక్షణ శిబిరానికి పిలుపు వచ్చే సమయానికి కాశ్మీర్‌లో ఫోన్లు పనిచేయడం లేదు. ఆమెకు కబురు అందించడానికి, తెలిసినవాళ్ళ ద్వారా సైన్యాన్నీ పోలీసులనూ కదిలించి ఇల్లు వెతికించవలసి వచ్చిందని పత్రికల్లో వచ్చింది. ఆ అమ్మాయి శిబిరానికి చేరింది. సంతోషమే. కబురందని వాళ్ళ లెక్క ఎవరి దగ్గర ఉంది? అంతకంటే కఠినమైన సంగతి అఫ్ఘానిస్తాన్‌ది. అంతర్జాతీయ రెడ్‌క్రాస్ కమిటీ సాయంతో అక్కడ మహిళల జట్టు తయారైంది. దాని సారథి నీలోఫర్ బయాత్, రెండేళ్ళ వయసులో రాకెట్ దాడిలో గాయపడిన మనిషి. 2021 ఆగస్టులో తాలిబాన్లు కాబూల్‌ను పట్టుకోగానే దేశం విడిచి స్పెయిన్ చేరింది. అక్కడ బిల్బావోలో ఆడింది. కుర్చీ, కోర్టు, కోచ్ అన్నీ ఉన్నా, ఆడది బయటికి రావచ్చునన్న హక్కు పోతే ఒక్క వారంలో అన్నీ పోతాయి.

మనకు ఆ హక్కు ఉంది. కాగితం మీద ఇంకా ఎక్కువే ఉంది. ఐక్యరాజ్యసమితి వికలాంగుల హక్కుల ఒడంబడికను మన దేశం 2007లో ఆమోదించింది. అందులో 6వ అధికరణం వికలాంగ స్త్రీల గురించి, 30వ అధికరణం ఆటపాటల్లో సమాన భాగస్వామ్యం గురించి. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో 30వ సెక్షన్ పూర్తిగా క్రీడల మీదే ఉంది. స్టేడియాలను అందరికీ వీలుగా మార్చాలనీ, శిక్షణకు ఏర్పాట్లు చేయాలనీ ప్రభుత్వాల మీద బాధ్యత పెట్టింది. ఈ సెక్షన్ కింద ఒక్క పిటిషన్ అయినా మన సంఘం తరఫున వేశామా? లేదు. వరకట్నం మీద, గృహహింస మీద, సారా మీద మనం రోడ్డెక్కాం. వికలాంగ స్త్రీల సమస్య వచ్చినప్పుడు అది 'వాళ్ళ సంఘాలు' చూసుకుంటాయనుకున్నాం. వాళ్ళ సంఘాల్లో నాయకత్వం చాలావరకు మగవాళ్ళది. వాళ్ళు స్త్రీల సమస్య 'మహిళా సంఘాలు' చూసుకుంటాయనుకున్నారు. మధ్యలో ఉన్న ఆడమనిషి గడప లోపలే ఉండిపోయింది.

ఇదంతా రాస్తున్న మా ఆఫీసు మొదటి అంతస్తులో ఉంది. కింద నుంచి పద్దెనిమిది మెట్లు. చక్రాల కుర్చీలో వచ్చే స్త్రీ మా సమావేశానికి ఇన్నేళ్ళలో ఎందుకు రాలేదని మాలో మేము అడిగినప్పుడు, పిలవలేదు కాబట్టి రాలేదు అనుకున్నాం. పిలిచినా రాలేరని ఎవరికీ తట్టలేదు. కార్యవర్గంలో మాట్లాడుకుని, ఇకపై సర్వసభ్య సమావేశాలు కింది అంతస్తులో జరిగే చోటే పెట్టాలని నిర్ణయించాం. అద్దె కొంచెం ఎక్కువవుతుంది.

జిల్లా శాఖల మిత్రులకు ఒక పని అప్పగిస్తున్నాం. మీ జిల్లా కేంద్రంలోని స్టేడియానికి ఇద్దరు ముగ్గురు కలిసి వెళ్ళండి. వీలైతే చక్రాల కుర్చీ వాడే స్త్రీని వెంట తీసుకువెళ్ళండి, ఆమె చెప్పిందే రాయండి. ర్యాంపు ఉందా? ఉంటే దాని చివర గేటుకు తాళం ఉందా? ఆడవాళ్ళ మరుగుదొడ్డి తలుపులోంచి కుర్చీ పడుతుందా? ఆటకు పనికొచ్చే కుర్చీ జిల్లా మొత్తం మీద ఎన్ని ఉన్నాయి? ప్రభుత్వ పథకాల్లో ఇచ్చే మామూలు కుర్చీతో ఈ ఆట ఆడలేరు. చక్రాలు ఏటవాలుగా ఉండే ఆట కుర్చీ దిగుమతి చేసుకుంటే లక్షల్లో ఉంటుంది. అందుకే ఈ ప్రశ్న ముఖ్యం. గురుకులాల్లో, హాస్టళ్ళలో గాయపడి ఆట మానేసిన అమ్మాయిల పేర్లు బయటపెట్టకుండా, వయసు, ఆట, గాయం, ఆ తర్వాత ఏం చేస్తున్నదీ రాసుకు రండి. క్రీడా శాఖకు సమాచార హక్కు కింద వేయవలసిన దరఖాస్తు నమూనా తయారుచేస్తున్నాం, విడిగా పంపుతాం. ఈ వివరాలన్నీ కలిపి 30వ సెక్షన్ కింద వినతిపత్రం రాయాలని ఆలోచన. వచ్చే సంచిక పని మొదలుపెట్టే లోపు మీ ఉత్తరాలు మాకు అందాలి.